వాచీలో వెలుగు ఆరిపోయింది, రేడియం అలాగే ఉంది

'రేడియం కటింగ్' అని బోర్డు పెట్టిన చిన్న షాపు లేని ఊరు మన దగ్గర కనిపించదు. బైక్ నంబరు ప్లేటుకూ, ఆటో వెనక పిల్లల పేర్లకూ, లారీ బంపరుకూ అక్కడ అతికించే స్టిక్కర్లలో రేడియం రవ్వంత కూడా లేదు. హెడ్‌లైటు వెలుగును వెనక్కి కొట్టే ప్లాస్టిక్ పొర అది. చీకట్లో పచ్చగా మెరిసే దేవుడి బొమ్మల్నీ రేడియం బొమ్మలనే అంటాం. అవీ లైటు వెలుగును పీల్చుకుని తర్వాత మెల్లగా వదిలేవే. గడియారాల మీద నిజంగానే రేడియం మెరిసిన కాలం ఒకటి ఉంది. ఆ పేరు మాత్రం మన నోళ్లలో మిగిలిపోయింది.

పాత వాచీలది సరిగ్గా తలకిందుల పరిస్థితి. వాటిలో వెలుగు పోయింది. పేరు ఎక్కడా రాసి ఉండదు. రేడియం మాత్రం అలాగే ఉంది.

మా పెదనాన్న వాచీ ఒకటి నా దగ్గర ఉంది. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న స్విస్ వాచీ. అంకెల పక్కన చుక్కలు, ముళ్ల మధ్యలో పూత గోధుమరంగుకు తిరిగి, పొడిపొడిగా రాలుతున్నాయి. కొన్నేళ్ల క్రితం దాన్ని రిపేరుకు ఇచ్చాను. మెకానిక్ వెనక మూత తీసి, డయల్ బయటికి లాగి, రాలిన పొడిని నోటితో ఉఫ్ అని ఊదేశాడు. "ఏం లేదు సార్, పాత రంగు, గీకేస్తే పోతుంది" అన్నాడు. ఆయన తప్పు ఏమీ లేదు. నలభై ఏళ్లుగా అదే బల్ల దగ్గర కూర్చుని పనిచేస్తున్న ఆ మనిషికి ఆ పొడి ఏమిటో ఎవరూ చెప్పలేదు. అప్పటికి నాకూ తెలియదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క ఊదడమే.

ఆ పూతలో రెండు పదార్థాలు ఉంటాయి. ఒకటి రేడియం అనే రేడియోధార్మిక లోహం, రెండోది జింక్ సల్ఫైడ్. రేడియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు తగిలినప్పుడల్లా జింక్ సల్ఫైడ్ మిణుకుమంటుంది. ఆ దెబ్బలకు కొన్నేళ్లలో జింక్ సల్ఫైడ్ పాడైపోతుంది, వాచీ మెరవడం మానేస్తుంది. రేడియం-226 అర్ధాయువు, అంటే ఉన్నదానిలో సగం తరగడానికి పట్టే కాలం, 1600 ఏళ్లు. అంటే 1950లో పూత వేసిన వాచీలో ఇప్పటికి తరిగిన రేడియం మూడు శాతం దరిదాపుల్లో ఉంటుంది. 'మెరవడం లేదు కాబట్టి దానిలో ఏమీ లేదు' అనుకోవడమే ఇక్కడ జరిగే మొదటి పొరపాటు.

ఈ పూత చేసిన హాని గురించి ప్రపంచానికి తెలియక కాదు. అమెరికాలో న్యూజెర్సీలోని ఆరెంజ్, కనెక్టికట్‌లోని వాటర్‌బరీ, ఇల్లినాయిలోని ఒటావా పట్టణాల్లో మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి వయసులో ఉన్న ఆడపిల్లలు ఫ్యాక్టరీల్లో కూర్చుని డయళ్ల మీద అంకెలకు రంగు వేసేవారు. కుంచె మొన సన్నగా ఉండాలని పెదాల మధ్య పెట్టి తిప్పడం వాళ్లకు పనిలో నేర్పిన పద్ధతి. అలా ఒక్కో అంకెకూ కొంచెం కొంచెంగా రేడియం కడుపులోకి పోయింది. శరీరం రేడియాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లోకి చేర్చుకుంటుంది. దవడలు కుళ్లాయి, వెన్నెముకలు ఒరిగాయి, ఎముకల క్యాన్సర్లు వచ్చాయి. వాళ్లలో ఒకరైన గ్రేస్ ఫ్రయర్, ఆమెతో మరో నలుగురు కంపెనీ మీద వేసిన కేసు 1928లో రాజీతో ముగిసింది. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏటా 600 డాలర్ల పింఛను, వైద్యం ఖర్చులు. ఆ రంగును తయారుచేసిన డాక్టర్ సబిన్ వాన్ సొషోకీ కూడా అదే ఏడాది రేడియం వల్లే చనిపోయాడు.

ఆ స్త్రీల శరీరాలను పరీక్షించి తేల్చిన లెక్కల మీదే 1941లో ఒక పరిమితి పుట్టింది: మనిషి ఒంట్లో 0.1 మైక్రోగ్రాముకు మించి రేడియం ఉండకూడదు. రేడియోధార్మికత నియమాల చరిత్రలో తొలి అంకెల్లో ఇది ఒకటి. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇక ఈనాటి రూళ్లు. రేడియం తర్వాత వాచీల వెలుగు కోసం ట్రిటియం (రేడియోధార్మికత ఉన్న హైడ్రోజన్), ప్రొమీథియం వాడారు. రేడియోధార్మికతను క్యూరీల్లో కొలుస్తారు; ఒక మిల్లీక్యూరీ అంటే వెయ్యి మైక్రోక్యూరీలు. అమెరికా అణు నియంత్రణ కమిషన్ లెక్క ప్రకారం ఒక వాచీలో 25 మిల్లీక్యూరీల వరకు ట్రిటియం ఉంటే, కొనుక్కున్నవాడికి లైసెన్సు అవసరం లేదు. ప్రొమీథియం-147 అయితే 100 మైక్రోక్యూరీలు. 2007 నవంబరు 30కి ముందు తయారై, విప్పకుండా ఉన్న పాత వాచీలో రేడియం అయితే 1 మైక్రోక్యూరీ. ట్రిటియానికి ఇచ్చిన చోటు రేడియానికి ఇచ్చినదానికి 25,000 రెట్లు. పైపైన చూస్తే ఇదేం లెక్క అనిపిస్తుంది, కానీ ఇందులో న్యాయం ఉంది. ట్రిటియం వదిలే బీటా కణం మన చర్మం పైపొరను కూడా దాటలేదు. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు కాబట్టి పాతికేళ్లకు పావు వంతే మిగులుతుంది. నీటి రూపంలో ఒంట్లోకి పోయినా పది రోజులకు సగం చొప్పున బయటికి వచ్చేస్తుంది. రేడియం ఎముకలో కూర్చుంటే కదలదు. పైగా దాని నుంచి పుట్టే పదార్థాల గామా కిరణాలు వాచీ కేసునూ దాటి వస్తాయి. 'కొద్దిపాటి' అన్న మాటకు ఏ పదార్థమో చెప్పకుండా అర్థం లేదు.

ఇప్పుడు ఆ 1941 అంకె దగ్గరికి వద్దాం. 1 మైక్రోక్యూరీ రేడియం అంటే బరువులో దాదాపు 1 మైక్రోగ్రాము. ఒంట్లో ఉండదగిన గరిష్ఠం అని ఆనాడు చెప్పినదానికి పది రెట్లు ఒక్క వాచీలో ఉండొచ్చన్నమాట. వాచీలోని రేడియం అంతా ఎవరూ మింగరు, మింగినా అంతా ఎముకకు చేరదు. వాచీ మూసి ఉన్నంతకాలం చేతికి పెట్టుకున్నవాడికి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. కానీ ఈ మినహాయింపు మొత్తం 'మూసి ఉంటే' అన్న ఒక్క షరతు మీద నిలబడి ఉంది. వాచీ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సిందే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రమాణాల్లో రేడియం-226కు మినహాయింపు 10,000 బెకరెల్‌లే (బెకరెల్ కూడా రేడియోధార్మికతకు కొలమానమే). అమెరికా వాచీకి వదిలిపెట్టిన 1 మైక్రోక్యూరీ 37,000 బెకరెల్‌లు. ట్రిటియం విషయంలో మాత్రం రెండూ దాదాపు ఒకేచోట కలుస్తాయి: 25 మిల్లీక్యూరీలంటే 92.5 కోట్ల బెకరెల్‌లు, అంతర్జాతీయ హద్దు 100 కోట్లు.

రేడియం మీద ఈ మెతకతనానికి కొంత కారణం చట్టం రాసిన తీరు. అమెరికా అణుశక్తి చట్టం ప్రధానంగా అణు ఇంధనం కోసం, రియాక్టర్లలో మనిషి పుట్టించిన పదార్థాల కోసం రాసుకున్నది. రేడియం భూమిలో సహజంగా దొరుకుతుంది కాబట్టి అది కేంద్ర ప్రభుత్వ పరిధిలోకి రాలేదు, రాష్ట్రాలకు వదిలేశారు. 2005లో ఇంధన విధాన చట్టం తెచ్చేదాకా అంతే. ట్రిటియానికి మిల్లీక్యూరీల దాకా లెక్కలు కట్టిన దేశంలో, ఎముకలు తినేసిన పదార్థం అర్ధ శతాబ్దం పాటు కేంద్రం లెక్కల్లోనే లేదు. సహజమైనది కాబట్టి మంచిదే అన్న నమ్మకం మన ఇళ్లలో మాత్రమే కాదు, చట్టాల్లోనూ దూరుతుంది.

అదే అమెరికా రూళ్లలో నాకు బాగా నచ్చిన వాక్యం కూడా ఒకటి ఉంది. స్వయంగా వెలిగే వస్తువులకు ఇచ్చే మినహాయింపు, సరదా కోసం వాడేవాటికీ, బొమ్మలకూ, నగలకూ వర్తించదని అందులో స్పష్టంగా రాశారు. అందుకే బ్రిటన్‌లో దొరికే ట్రిటియం కీచైన్‌ను అమెరికాలో అమ్మడానికి వీల్లేదు. హాని కొద్దిగానే ఉన్నా, దానికి తగిన ప్రయోజనం ఉండాలన్నది ఆ వాక్యం చెప్పే మాట. చీకట్లో టైము చూడాల్సిన సైనికుడికీ, నీటి అడుగున ఈదేవాడికీ ప్రయోజనం ఉంది. అయితే 1993లో జపాన్‌కు చెందిన నెమోటో కంపెనీ ల్యూమినోవా అనే పూత తెచ్చింది. అందులో ఉండే స్ట్రాన్షియం అల్యూమినేట్ పేరు విని కంగారు పడకండి, దానిలో రేడియోధార్మికత లేదు. ఒకసారి వెలుగు తగిలితే గంటల తరబడి మెరుస్తుంది. మామూలు వాడకానికి ఇది చాలు. ఇది వచ్చాక ఆఫీసుకు పెట్టుకెళ్లే వాచీలో ట్రిటియం ఎందుకన్న ప్రశ్నను నియంత్రణ సంస్థలు మళ్లీ అడిగి ఉండాల్సింది. నిషేధించమని నేను అనను. గాజు గొట్టంలో మూసిన ట్రిటియం వాయువు పెట్టుకున్నవాడికి చేసే హాని నిజంగానే చాలా స్వల్పం.

పెట్టుకున్నవాడి దగ్గర లెక్క సరిపోయింది. వాచీని తయారుచేసిన చోట సరిపోలేదు. 1979లో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో డిజిటల్ వాచీలకు ట్రిటియం దీపాలు చేసే అమెరికన్ అటామిక్స్ ఫ్యాక్టరీ నుంచి ట్రిటియం బయటికి పొక్కింది. ఆ ఫ్యాక్టరీకి ఎదురుగానే ఊళ్లోని బడులకు భోజనం వండి పంపే వంటశాల ఉంది. పిల్లలకు పెట్టే తిండిలో ట్రిటియం తేలింది. చివరికి గవర్నర్ బ్రూస్ బాబిట్ నేషనల్ గార్డ్ దళాలను పంపి అక్కడి ట్రిటియాన్ని స్వాధీనం చేసుకున్నాడు. అక్కడ తయారైన వాచీ చేతికి పెట్టుకుంటే ఏమీ కాదు. ఎదురింటి వంటశాలలో ఉన్న కేకులోకి మాత్రం అది చేరింది.

లెక్క సరిపోని రెండో చోటు స్విట్జర్లాండ్‌లోని ఇళ్లు. అది ఇంకా నెమ్మదిగా బయటపడిన కథ. బియెన్, లా షో-ద-ఫోన్ లాంటి గడియారాల పట్టణాల్లో ఎంతోమంది ఇంట్లోనే కూర్చుని డయళ్లకు రేడియం పూసేవారు. ఆ పని 1960ల్లో ఆగిపోయింది. ఇళ్లు చేతులు మారాయి. 2014లో బియెన్‌లో హైవే పనులప్పుడు పాత చెత్తదిబ్బలో రేడియం బయటపడ్డాక, మరుసటి ఏడాది ప్రభుత్వం ఒక ప్రత్యేక కార్యక్రమం పెట్టి అలాంటి ఇళ్లను ఒక్కొక్కటిగా కొలిపించింది. హద్దు దాటిన చోట నేల చెక్కలు పీకి, పెరట్లో మట్టి తవ్వి శుభ్రం చేయాల్సి వచ్చింది. అప్పటికి యాభై ఏళ్ల క్రితం ఎవరో ముత్తవ్వ కిటికీ పక్కన కూర్చుని చేసిన చేతిపనికి, పిల్లలు పెరిగే ఇంట్లో కొలతలు తీశారు. ఆ దేశాన్ని ఇందుకు మెచ్చుకోవాలి. ఎవరూ అడగని బాకీని తానే వెతుక్కుని తీర్చింది.

మూడో చోటు రిపేరు బల్ల. అమెరికాలో పాత రేడియం వస్తువులను విప్పకూడదు, బాగుచేయకూడదు అని రూలు పెట్టి, వాచీలకు మాత్రం విప్పి రిపేరు చేసుకోవచ్చని మినహాయింపు ఇచ్చారు. అన్నిటికన్నా ఎక్కువగా విప్పేది వాచీనే. ఆ పొడి ముక్కులోకి పోతుంది, బల్ల మీద పడుతుంది, అదే బల్ల మీద టీ గ్లాసు ఉంటుంది.

నాలుగో చోటు సేకరించేవాళ్ల అల్మారా. రేడియం నుంచి రేడాన్ అనే వాయువు పుడుతుంది. వాచీ మూత దాన్ని పూర్తిగా ఆపలేదు. బ్రిటన్‌లో నార్తాంప్టన్, కింగ్‌స్టన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 30 పాత సైనిక వాచీలను గాలి ఆడని చిన్న గదిలో పెట్టి కొలిస్తే, అక్కడి రేడాన్ ఆ దేశం సూచించిన సురక్షిత స్థాయికి 134 రెట్లు తేలింది. ఒక్క వాచీ ఉన్నవాడు దీన్ని చూసి హడలిపోనక్కర్లేదు. పడకగదిలో ట్రంకుపెట్టె నిండా పెట్టుకున్నవాడు మాత్రం చదవాలి.

మన దగ్గర ఈ పాత వాచీల వ్యాపారం చిన్నదేమీ కాదు. ముంబై చోర్ బజార్ నుంచి హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్ వరకు పాత సరుకు చేతులు మారుతూనే ఉంటుంది. పాత డయళ్ల మీద పూత గీకి, కొత్త రంగు వేసి, 'వింటేజ్' పేరుతో ఆన్‌లైన్‌లో విదేశాలకు అమ్ముతారు. ఆ గీకే పని ఎవరు చేస్తారు? ఏ గదిలో చేస్తారు? గీకిన పొడి ఎటు పోతుంది? న్యూజెర్సీలో వందేళ్ల క్రితం అడగని ప్రశ్నలే ఇవి.

2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో జరిగిన సంగతి మనకు గుర్తుండాలి. ఢిల్లీ యూనివర్సిటీ వేలంలో అమ్మేసిన పాత యంత్రంలోని కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం తుక్కు షాపుకు చేరి ఒక మనిషి ప్రాణం తీసింది. దానికీ వాచీకీ పోలికే లేదు, దాని తీవ్రత వాచీకి ఎన్నో లక్షల రెట్లు. కానీ అది తుక్కులోకి చేరిన దారి ఏమిటి? ఏమిటో తెలియని పాత వస్తువు, దాని మీద అర్థమయ్యే గుర్తు లేదు, వెనక్కి తీసుకునేవాళ్లు లేరు, చివరికి దక్కింది విప్పేవాడి చేతికి. వాచీ వెళ్లేదీ ఆ దారినే.

అందుకే నియంత్రణ అంటే వాచీకి ఎన్ని క్యూరీలు అన్న అంకె దగ్గరే ఆగిపోకూడదని నా వాదన. ట్రిటియం వాచీల డయల్ మీద, పైకి కనిపించేలా కింది అంచున, స్విస్ కంపెనీలు 'టి' అనే అక్షరం వేస్తాయి. అంత చిన్న గుర్తు కూడా పనికొస్తుంది, విప్పబోయేవాడికి ముందే తెలుస్తుంది. పాత రేడియం వాచీల్లో చాలావాటికి అదీ లేదు కాబట్టి, 1970కి ముందు తయారై, ముళ్ల మీద గోధుమరంగు పూత ఉన్న వాచీని ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు 'రేడియం ఉండొచ్చు, విప్పకండి' అన్న ఒక్క లైను తెలుగులో, హిందీలో పెట్టించడం కష్టమైన పని కాదు. 1983 నుంచి పనిచేస్తున్న ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి, వాచీ మెకానిక్‌ల కోసం ఒక పేజీ కరపత్రం వేయొచ్చు. నోటితో ఊదకండి, పూత గీకకండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను మూసిన కవరులో పెట్టండి, చేతులు కడుక్కున్నాకే టీ తాగండి. ఈ నాలుగు ముక్కలకు రేడియోధార్మికతను కొలిచే గీగర్ కౌంటర్ కూడా అక్కర్లేదు. ఇక ఇంట్లో ఇలాంటి వాచీ ఉందని తెలిసినవాడు దాన్ని ఎక్కడ ఇవ్వాలో కూడా అందులో రాయాలి. జిల్లాకు ఒక చోటు చాలు.

మా పెదనాన్న వాచీని నేను మళ్లీ రిపేరుకు ఇవ్వలేదు. జిప్ కవరులో పెట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వేసి, గాలి ఆడే వరండా అరలో పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచాను. డబ్బా మీద మార్కర్‌తో 'నిజమైన రేడియం, తెరవొద్దు' అని రాశాను. మెకానిక్ దగ్గరికి వెళ్లి విషయం చెబితే ఆయన చాలాసేపు తన చేతులు చూసుకుని, "ఇన్నేళ్లలో ఎన్ని ఊదానో సార్" అన్నాడు.