బంకులో ఆ ఒక్క నిమిషం

రాత్రి పదిన్నరకు ప్రకాశం బ్యారేజీ మీద నా పాత బండి ఆగిపోయింది. సీతానగరం వైపు దిగడానికి ఇంకా సగం దూరం ఉంది. రిజర్వులోకి తిప్పుదామని ఎడమ చెయ్యి ట్యాంకు కిందికి పోనిచ్చాను. నాబ్ అప్పటికే రిజర్వులో ఉంది. నాలుగు రోజుల ముందు బందరు రోడ్డులో పెట్రోలు కొట్టించుకున్నప్పుడు దాన్ని తిరిగి ‘ఆన్’కి తిప్పలేదు. బ్యారేజీ పొడవు కిలోమీటరుకు పైనే. పక్కనుంచి కార్లు రాసుకుంటూ పోతుంటే, చీకట్లో బండి తోసుకుంటూ వెళ్లడం ఎంత ప్రమాదమో ఆ రాత్రి తెలిసింది.

రిజర్వు అంటే వేరే ట్యాంకు కాదు. ఉన్న ట్యాంకులోనే పెట్రోలు కిందికి దిగడానికి రెండు దారులుంటాయి. ‘ఆన్’లో ఉన్నప్పుడు కాస్త ఎత్తుగా నిలబడ్డ గొట్టం మూతి నుంచి దిగుతుంది. రిజర్వులో ఉన్నప్పుడు అడుగున ఉన్న రంధ్రం నుంచి దిగుతుంది. పెట్రోలు గొట్టం మూతి కంటే తగ్గగానే బండి జర్కులిస్తుంది. ఆ జర్కే మనకు హెచ్చరిక. నాబ్ రిజర్వులోనే ఉండిపోతే ఆ హెచ్చరిక రాదు, బండి చివరి చుక్క దాకా పోయి ఆగుతుంది. 2020 ఏప్రిల్ 1న బండ్ల పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త బండ్లలో పెట్రోలును పంపుతో ఇంజిన్‌లోకి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చి, ఈ నాబ్ దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు ముల్లునో, మీటరులో వెలిగే గీతలనో చూసుకోవాలి. వీటిలో పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, దాన్ని చల్లగా ఉంచేది కూడా చుట్టూ ఉన్న పెట్రోలే. ముల్లు అడుగుకు పడ్డాక కూడా రోజుల తరబడి నెట్టుకొస్తే పంపు వేడెక్కి పాడవుతుంది.

మరుపు మనిషి తప్పే అని తేల్చేయడం నాకు నచ్చదు. సాయంత్రం ఆరింటికి ఏలూరు రోడ్డులో ఏ బంకులోనైనా లైన్లో నిలబడి చూడండి. మన వంతు రాగానే తాళం తీయాలి, మూత తెరవాలి, ఎంతకో చెప్పాలి. ‘జీరో చూసుకో అన్నా’ అంటే మీటరు వైపు తిరగాలి. అదే సమయంలో జేబులోంచి ఫోను తీసి స్కాన్ చేయాలి, డబ్బులు పడ్డాయని డబ్బా అరిచేదాకా ఆగాలి. ఈలోపు వెనక హారన్. ఇంత టెన్షన్‌లో ఏదో ఒకటి జారిపోవడం సహజం.

బండి తయారుచేసేవాళ్లు ఈ సంగతి మనకంటే ముందే గ్రహించారు. చాలా మోటార్‌సైకిళ్లలో ట్యాంకు మూత సరిగ్గా పడితే తప్ప తాళం బయటికి రాదు. తాళం లేకుండా బండి కదలదు కాబట్టి మూత మరిచిపోయే అవకాశం తక్కువ. సీటు ఎత్తితే కానీ మూత కనపడని పాత స్కూటర్లలో ఆ కట్టుదిట్టం లేదు. మర మూత తీసి ఫుట్‌బోర్డు మీద పెట్టి, అలాగే సీటు వేసి వెళ్లిపోయినవాళ్లను నేను చూశాను.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మాత్రం ఫుల్ ట్యాంకు. నాజిల్ టక్కున ఆగాక కూడా ‘ఇంకొంచెం పొయ్యి, రౌండ్ ఫిగర్ చెయ్యి’ అంటాం. భూమిలో ఉన్న ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు చల్లగా ఉంటుంది. మే నెలలో బెజవాడ ఎండలో బండి నిలబెడితే ట్యాంకు ఇరవై డిగ్రీలు వేడెక్కడం పెద్ద విషయం కాదు. పెట్రోలు పది డిగ్రీలకు దాదాపు ఒక శాతం పెరుగుతుంది. అంటే పది లీటర్ల ట్యాంకులో సుమారు 200 మిల్లీలీటర్లు ఎక్కువవుతుంది. ఆ పెరిగినదానికి చోటు ఉండాలి. మూతి లోపలి గొట్టం కింది అంచు దాకా చాలని బండితో ఇచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. వేసవిలో ఫుల్ ట్యాంకు కొట్టిస్తే బండి పేలిపోతుందని ఏటా వాట్సాప్‌లో తిరిగే మాట మాత్రం నిజం కాదు. కంపెనీ చెప్పిన మేరకు నింపుకోవచ్చని ఇండియన్ ఆయిల్ కూడా వివరణ ఇచ్చింది.

పొంగిన పెట్రోలు ఎక్కడికి పోతుందో చూడండి. ట్యాంకు మీంచి జారి నేరుగా ఇంజిన్ మీద పడుతుంది, అప్పటిదాకా ట్రాఫిక్‌లో కాగిన ఇంజిన్ అది. సున్నాకు నలభై డిగ్రీల కింద కూడా పెట్రోలుకు మంట అంటుకునేంత ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోదు, కిందికి దిగి కాళ్ల చుట్టూ పరుచుకుంటుంది. మనం ఆ బండి మీదే కూర్చుని ఉంటాం, ముందు ట్యాంకుకు ఆనించి పిల్లవాణ్ని కూడా కూర్చోబెట్టుకుంటాం. పటమట దగ్గర ఒక బంకులో పనిచేసే అమ్మాయి నాజిల్ చేతిలో పట్టుకుని, ‘బాబుని దించండన్నా, అప్పుడే కొడతా’ అంది ఒకసారి. బండి మీదున్నాయన విసుక్కున్నాడు, వెనక నలుగురు హారన్ కొట్టారు. ఆమె మాత్రం బాబు దిగేదాకా కదల్లేదు.

ఆ అమ్మాయి ఒక్కతే ఎంతమందికి చెప్పగలదు? బంకు ఏర్పాటే మారాలి. ‘ఫోన్ వాడరాదు’ అన్న బోర్డు కిందే స్కానర్ అతికిస్తే, మనిషి కళ్లు ట్యాంకు మీద ఎలా ఉంటాయి? డబ్బు కట్టే చోటు నాజిల్ దగ్గర ఉండకూడదు. పంపులు దాటాక పెడితే కట్టకుండా పోయేవాళ్లుంటారని, ఆ నష్టం తమ జీతంలో పడుతుందని పనివాళ్ల భయం. ఆ భయం న్యాయమైనదే. అందుకే డబ్బు కట్టడం ముందే కానివ్వాలి. లైన్లో నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది అడిగేది వందకో, రెండొందలకో. ఆ మొత్తం లైను మొదట్లోనే, పంపులకు పది అడుగుల దూరంలో తీసుకుని చీటీ ఇస్తే చాలు. ఇక నాజిల్ దగ్గరకు వచ్చేసరికి ఫోను జేబులో ఉంటుంది, బండి దిగి నిలబడడానికి, మూత వేసి నాబ్ తిప్పుకోవడానికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.