గన్ పెడితే రాడ్డు జాతకం తేలిపోతుందా?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి తెలుగు గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది: "రాడ్డు కొనేముందు షాపులో ఎక్స్‌రే గన్ పెట్టించండి. క్షణాల్లో మొత్తం తెలుస్తుంది. కార్బన్ చూపించకపోతే స్వచ్ఛమైన స్టీలు, ల్యాబు టెస్టు దండగ. కానీ గన్ పెట్టిన రాడ్డు వాడకండి, రేడియేషన్ ఉండిపోతుంది." మా బావయితే రెండు దండాల బొమ్మలు కూడా జోడించి పంపాడు.

రేడియేషన్ ఉండిపోదు. ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు చీకట్లో వెలుగుతున్నారా?

కొంప ముంచేది కార్బన్ మాట. గన్ వదిలే ఎక్స్‌రే తగలగానే ఒక్కో మూలకం తనదైన శక్తితో కిరణం వదులుతుంది, గన్ దాన్ని చదివి ఏ మూలకం ఎంతుందో చెబుతుంది. ఇనుముది 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. కార్బన్‌ది 0.28. అంత నీరసపు కిరణం గన్ దాకా రాకుండా దారిలోనే ఇంకిపోతుంది. తెర మీద కార్బన్ లేదంటే గన్‌కు కనబడలేదని అర్థం, రాడ్డులో లేదని కాదు. నిజంగానే లేకపోతే అది మెత్తటి ఇనుము, దాంతో స్లాబు వేస్తారా మహానుభావా? స్లాబు రాడ్లకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్‌ఈ 500డి అనే గ్రేడు రాడ్డులో కార్బన్ 0.25 శాతం మించకూడదు. మించితే వెల్డింగ్ దగ్గర పెళుసెక్కుతుంది. ఆ ఒక్క అంకే చెప్పలేని గన్‌ను నమ్మి ల్యాబు మానేయాలట!

భాస్వరం, గంధకం చెరో 0.040 శాతం లోపు ఉండాలి. భాస్వరం కిరణం ఒకటి రెండు మైక్రాన్ల పైపొర నుంచే బయటపడుతుంది. తుప్పూ మట్టీ గీకకుండా పెడితే చదివేది ఆ మట్టినే. పైగా టీఎంటీ రాడ్డు (వేడిగా ఉండగానే నీళ్లతో గట్టిపరిచినది) బలంలో సగం సంగతి నీళ్లతో చల్లార్చినప్పుడు ఏర్పడే గట్టి అంచుది. దాన్ని గన్ చూడనే చూడదు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. తుక్కు కరిగించి పోసిన ఉక్కులో రాగి, తగరం చేరతాయి. రాగి ఎక్కువైతే రోలింగ్‌లో పైన పగుళ్లు వస్తాయి. వాటిని పట్టడంలో గన్‌కు తిరుగులేదు. రేడియేషన్ భయమూ పూర్తిగా గాలివాటం కాదు: 2008లో మన దేశపు ఉక్కుతో చేసిన లిఫ్టు బటన్లలో ఫ్రాన్స్‌లో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం బయటపడింది. అది తుక్కులోంచి వచ్చింది, గన్ వల్ల కాదు. దాన్ని కొలవడానికి వేరే మీటరు ఉంటుంది.

స్లాబుకు కొంటున్నవాళ్లు టీసీ, అంటే కంపెనీ టెస్టు సర్టిఫికెట్ అడగండి, అందులోని హీట్ నంబరు (ఒకేసారి కరిగించి పోసిన ఉక్కుకిచ్చే నంబరు) కట్ట మీది ట్యాగుతో సరిపోయిందో చూడండి. తర్వాత ప్రతి సైజు నుంచి ముక్క కోయించి స్పెక్ట్రో (కార్బన్‌తో సహా ఏమేం ఎంతున్నాయో తేల్చేది), లాగే, వంచే టెస్టులకు పంపండి. ఫార్వర్డు చేసే వేలికి కాస్త విశ్రాంతినివ్వండి.