మహారాజశ్రీ గళ్ళకాగితం గారికి

మహారాజశ్రీ అక్వేరియం ప్లాన్ గీసిన గళ్ళకాగితం గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఉభయులమంటే మీరూ నేనే. చేపల్ని ఆ లెక్కలో కలపలేదు, ఎందుకో కింద మనవి చేసుకుంటాను.

మీరు పుట్టిన రాత్రి నాకింకా గుర్తుంది. ముందు ట్యాంకు బొమ్మ: మీటరు పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, అర మీటరు ఎత్తు, వెరసి 200 లీటర్లు. వెనక వాలిస్నేరియా మొక్కల తెర, మధ్యలో అమెజాన్ స్వోర్డ్ మొక్క, ముందు గడ్డిమొక్కల పచ్చని తివాచీ. వాటి మధ్య రంగు పెన్సిళ్ళతో 20 నియాన్ టెట్రాలు, 4 ఏంజెల్స్, జంట ర్యామ్‌లు, జంట క్రిబెన్సిస్, అడుగున 8 కోరిడోరాస్. పైన పెద్దక్షరాల్లో 'కమ్యూనిటీ ట్యాంకు', అంటే రకరకాల చేపలు కలిసిమెలిసి బతికే తొట్టి అని. చేపలన్నీ ఎడమవైపుకే చూస్తున్నాయి, అన్నీ నవ్వుతున్నాయి. ఒక్కదానికీ నోరు దాని సైజులో గీయలేదు.

ఇరుకవుతుందేమో అని నేను నసిగితే, మీ అంచున రాసుకున్న సూత్రం చూపించి నోరు మూయించారు. గ్యాలను నీటికి అంగుళం చేప. 200 లీటర్లంటే సుమారు 53 అమెరికన్ గ్యాలన్లు, అంటే 53 అంగుళాల చేపకు చోటు. ఈ లెక్కన అడుగు పొడవు పెరిగే ఆస్కార్ చేపల్ని నాలుగింటిని వేసుకోవచ్చు. ఇంకా అయిదంగుళాలు మిగులుతాయి కూడా. ఆ మిగిలిన దాంట్లో నియాన్లు వేసుకోవచ్చు, ఆస్కార్లకు ఒక పూట మేతకి.

ఆదివారం నీళ్ళు, సోమవారం చేపలు అన్నారు. చేపలు వదిలే అమ్మోనియా విషాన్ని నైట్రైటుగా, దాన్ని హాని తక్కువైన నైట్రేటుగా మార్చే బాక్టీరియా ఫిల్టరులో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అవి కంటికి కనబడవు, రంగు పెన్సిలుకు అందవు కాబట్టి మీ జాబితాకెక్కలేదు. వంటవాళ్ళను మర్చిపోయి ఊరందరికీ శుభలేఖలు పంచినట్టుంది. ఈ ఒక్క విషయంలో మీ మాట వినలేదు. ఆరు వారాలు ఖాళీ ట్యాంకు ముందు కూర్చున్నాను. వచ్చినవాళ్ళు చేపలేవీ అంటే మొక్కలు చూపించాను.

తర్వాత ఏంజెల్స్ దిగాయి. వచ్చినప్పుడు ఒక్కోటి కోటు బొత్తామంత. పేరేమో దేవదూత, పెరిగేది 15 సెంటీమీటర్ల దాకా. నియానేమో మూడు, నాలుగు సెంటీమీటర్లు. సన్నగా, నిగనిగలాడుతూ, దీపాలార్పగానే మగతగా ఒకచోట నిలబడిపోతుంది. 20 కాస్తా 18 అయింది, 15 అయింది, 11 అయింది. ఒక్క శవం తేలలేదు. మీరు మాత్రం నిక్కచ్చిగా 20 అనే చూపిస్తూ వచ్చారు. మాత్స్యన్యాయం, అంటే పెద్ద చేప చిన్నదాన్ని మింగే న్యాయం, అన్న మాటను పెద్దలు ఎక్కడో రాజ్యాల గురించి వాడుకున్నారు. మీరు అచ్చంగా చేపల గురించే రాస్తూ ఆ మాట మరిచారు.

ఇక వేడి సంగతి. ర్యామ్‌లు దక్షిణ అమెరికాలోని ఒరినోకో నది వెచ్చదనానికి అలవాటు పడినవి, వాటికి 27 నుంచి 30 డిగ్రీలు హాయి. నియాన్లకూ కోరిడోరాస్‌కూ అంతకంటే చల్లగా ఉండాలి. మీరు ఉభయతారకంగా 26 అని రాశారు. దాంతో ఒకరికి చలి, ఒకరికి ఉక్క. రాజీ కుదిరిందన్న తృప్తి మీకొక్కరికే.

ఇవన్నీ ఒక ఎత్తు, క్రిబెన్సిస్ ఒక ఎత్తు. మీరు దాన్ని కుడివైపు మూల రెండు గళ్ళల్లో, చిన్న గుహ పక్కన గీశారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన బుద్ధిమంతురాలు, పది సెంటీమీటర్లు కూడా లేదు, ఏం చేస్తుందిలే అనుకున్నారు. ఒకరోజు ఆడదాని పొట్ట చెర్రీపండులా ఎర్రబడింది. మగవాడి ముందు నడుము వంచి వయ్యారాలు పోయింది. వీళ్ళలో చొరవ ఎక్కువగా ఆడదానిదే లెండి. ఇద్దరూ కలిసి గుహలోని ఇసుకను నోటినిండా పట్టి బయట ఉమ్మడం మొదలెట్టారు. మూడు రోజుల్లో మీ పచ్చని తివాచీ పైకి తేలింది, వేళ్ళతో సహా. వారాల తరబడి పట్టకారుతో ఒక్కో పోగు నాటింది నేను. పీకింది వాళ్ళు. అది తోట కాదు, వాళ్ళ గడపకడ్డంగా మొలిచిన కలుపు.

పిల్లలు ఈదడం మొదలయ్యాక ఆ రెండు గళ్ళు ఇరవై అయ్యాయి. తల్లి ముందు, వెనక బూడిదరంగు మబ్బులా పిల్లలు, చుట్టూ తండ్రి పహరా. పాపం కోరిడోరాస్‌కు సరిహద్దులంటే ఏమిటో తెలియదు. రాత్రిళ్ళు మీసాలతో అడుగంతా వెతుక్కుంటూ నేరుగా గుహ ముందుకే పోతాయి. ఎన్నిసార్లు తన్నులు తిన్నా మళ్ళీ పోతాయి. పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే పగ అని వినడమే గానీ, నీళ్ళ అడుగున, అదీ గడ్డి మధ్యలోనే చూస్తాననుకోలేదు. (ఇంకో విశేషం: క్రిబెన్సిస్ గుడ్లు ఆమ్లపు నీటిలో పెరిగితే మగపిల్లలు ఎక్కువవుతారు. మీ గళ్ళలో నీటి పులుపును కొలిచే పీహెచ్‌కు చోటే లేదు కనుక మీకిది వార్తే.)

అటు చూస్తే ఏంజెల్స్‌లో రెండు జంటకట్టి ఎడమ సగం రాయించుకున్నాయి. మిగతా రెండూ, ర్యామ్‌లూ, నియాన్ శేషమూ హీటరు వెనక శరణార్థి శిబిరంలో ఉన్నాయి. కమ్యూనిటీ అంటే ఏమిటో అక్కడే తొలిసారి కనిపించింది.

అయినా మీకు ఆశ చావలేదు. మీ వెనక పేజీలో పెన్సిలుతో 'పసుపు రంగు లోటు: మలావీ లాబిడోక్రోమిస్ 3' అని ఉంది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు నీళ్ళు క్షారపువి, పీహెచ్ 8 చుట్టుపక్కల. ర్యామ్ పుట్టిన నీళ్ళు లవణాలు తక్కువున్నవి, ఆమ్లపువి. చేపలకు రంగు చూసి చోటిచ్చారు, నీళ్ళెవరు తాగాలో చూడలేదు. దాన్ని నేను రబ్బరు పెట్టి చెరిపేశాను. అచ్చు ఇంకా కనిపిస్తోంది, దయచేసి అటు చూపించకండి.

మీలో నిలబడినవి కూడా చెప్పకపోతే పాపం. కొయ్యకు దారంతో కట్టిన అనుబియాస్, జావా ఫెర్న్ మొక్కలు చెక్కుచెదరలేదు. వాటి కాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్ళుతుంది, అందుకే పైన కట్టాను. వేళ్ళు ఇసుకలో లేవు, కాబట్టి వాటితో క్రిబెన్సిస్‌కు పనిలేదు. వాలిస్నేరియా కూడా గుహకు దూరంగా ఉన్నంతమేరా బతికింది.

నిన్న ఇంకో కాగితం తీశాను. మీకు తమ్ముడనుకోండి. మొదటి గడిలో క్రిబెన్సిస్ జంట అని రాసి, పక్కన అర మీటరు ఖాళీ వదిలాను. కోరిడోరాస్‌కూ, ఏంజెల్స్‌కూ, ర్యామ్‌లకూ వేరే ఇళ్ళు చూస్తున్నాను. పై నీళ్ళలో తిరిగే చేపలు ఒక గుంపు చాలు. అవి తాపీగా ఈదుతుంటే కింద జంటకు కూడా భయం తగ్గుతుందట. రంగు పెన్సిళ్ళు ఇంకా బయటికి తీయలేదు.

ఇట్లు,
మీ విధేయ నీళ్ళు మోసే మనిషి

తా.క. ఈ ఉత్తరం మొదలెట్టినప్పుడు నియాన్లు 11. ఇప్పుడే లెక్కపెట్టాను, 10. ఎడమ సగం యజమాని అద్దానికి ఆనుకుని, మీరు గీసిన బొమ్మలోలాగే ఎడమవైపుకే చూస్తోంది. నవ్వుతున్నట్టే ఉంది.