నాచు తరఫున నాలుగు మాటలు

దొంగకీ దోపిడీదారుకీ కూడా మన దగ్గర వకీలు దొరుకుతాడు, నాచుకి మాత్రం దొరకడు. ఇంట్లో ఉప్పునీటి ఆక్వేరియం పెట్టి అందులో పగడాలు పెంచుకునే ఎవరినైనా కదిపి చూడండి, ముద్దాయి పేరు ఒక్కటే చెబుతారు. అద్దం పాడుచేసింది నాచు, పగడాల మీద పాకింది నాచు, జీతంలో సగం మింగింది నాచు, మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేకుండా చేసింది కూడా నాచే. అవతలి పక్షం వాదన విన్నవాడు ఒక్కడూ లేడు. కాబట్టి విజయనగరం పౌరుడిగా, ఫీజు తీసుకోకుండా, ఆ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

ముందు కేసు వివరాలు. మా బావ హాల్లో టీవీ ఉండాల్సిన చోట రెండొందల లీటర్ల సముద్రం ఉంది. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, కొన్ని మెత్తటి పగడాలు. గట్టి పగడాల జోలికి వెళ్లలేదు, ఎందుకంటే వాటిని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చి పులి పక్కన కూర్చోబెట్టారు, బావకి పులంటే భయం లేదు గానీ ఫారెస్టు వాళ్లంటే ఉంది. కొత్తలో ఇసక మీద గోధుమరంగు పొడిలా డయాటమ్‌లనే సూక్ష్మజీవులు వచ్చాయి, నీళ్లలో సిలికేట్ అయిపోయాక వాటంతటవే పోయాయి, ఆ ఘనత బావ తన ఖాతాలో వేసుకున్నాడు. తర్వాత వచ్చింది నా క్లయింటు. రాళ్ల మీద పచ్చగా, ఒత్తుగా, మనిషికి ఉంటే అసూయ పడేంత జుట్టు.

ప్రాసిక్యూషన్ వారి ముఖ్య సాక్షి టెస్ట్ కిట్. చిన్న గాజు సీసాలో నీళ్లు పోసి, చుక్కలేసి, పొడి కలిపి, కిటికీ దగ్గర వెలుతురులో రంగుల అట్టతో పోల్చి చూస్తే నాచుకి ఎరువులాంటి ఫాస్ఫేట్ సున్నా! "చూశావా, నా నీళ్లు పాలలాంటివి, ఇదంతా నాచు దౌర్జన్యం" అంటాడు బావ. పెళ్లిలో ఆఖరి బంతికి గారెలు లేవంటే అసలు వండలేదనా అర్థం? ముందు బంతుల వాళ్లు లాగించేశారని. నీళ్లలోకి వచ్చిన ఫాస్ఫేట్‌ని వచ్చినట్టే నా క్లయింటు తినేస్తుంటే కిట్టుకి ఏం మిగులుతుంది చూపించడానికి? పైగా ఆ రాళ్లు కాల్షియం కార్బొనేట్, నీళ్లలో ఫాస్ఫేట్ ఎక్కువైనప్పుడు లోపలికి పట్టుకుంటాయి, తగ్గినప్పుడు మెల్లగా వదులుతాయి. అంటే బావ సంక్రాంతికి చేసిన పాపం రథసప్తమి దాటాక బయటికొస్తుంది, అప్పటికి పాపం చేసిన సంగతి ఆయనకి గుర్తుండదు. ఆ ఇంట్లో అబద్ధం చెప్పనిది నాచొక్కటే. ఎంత పడేశారో అంత పెరిగి చూపిస్తుంది.

పడేసేదెవరు? ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు నేరం ఇక్కడే జరుగుతోంది. పొద్దున్న ఆఫీసుకెళ్లేముందు బావ చిటికెడు మేత వేస్తాడు. మధ్యాహ్నం అక్క వేస్తుంది, ఆయన వెయ్యలేదనుకుని. సాయంత్రం స్కూలు నుంచొచ్చిన పిల్లలు బిస్కెట్ పొడి వేస్తారు, వేస్తే అవి డాన్సు చేస్తాయని. రాత్రి అత్తయ్య వంతు. "ఏట్రా, పాపం అవి నోళ్లు తెరుస్తన్నాయి, తిండెట్టవేటి?" అంటుంది ఆవిడ. చేపలు నోరు తెరిచేది ఊపిరి కోసం అత్తయ్యా అని చెబితే, "ఊపిరికైతే అంతలేసి తెరవాలేటి?" అని ఇంకో చిటికెడు. బొబ్బిలి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు జేబులోంచి మరమరాలు తీసి వేశారు, చెరువులో చేపలకి వేసిన పుణ్యమే ఇక్కడా వస్తుందని ఆయన నమ్మకం. ఈ తిండిలో నత్రజని అంతా చేపల ఒంట్లోంచీ కుళ్లిన ముక్కల్లోంచీ అమ్మోనియాగా, బ్యాక్టీరియా పుణ్యాన అది నైట్రైట్‌గా, చివరికి నైట్రేట్‌గా మారి అక్కడే ఉండిపోతుంది. ఫాస్ఫరస్ అయితే గాలిలోకి కూడా పోదు, మనం తీసి బయట పారేసేదాకా కదలదు. మురుగు కలిసే ఏ చెరువులో అయినా గుర్రపుడెక్క అల్లుకునేది ఇందుకే, కాకపోతే చెరువుని బాగుచేస్తానని ఎవరూ జర్మనీ నుంచి సీసాలు తెప్పించుకోరు.

నీళ్ల సంగతి చూద్దాం. "మాది ఆర్వో నీళ్లు" అని బావ గొప్ప. తాగడానికి వంటింట్లో పెట్టుకున్న ఆర్వో అది, రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ వడకట్టని నీళ్లని మళ్లీ కొంచెం కలుపుతుంది. పగడాలకి కావాల్సింది ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ దాటి, మీటరు పెడితే సున్నా చూపించే నీళ్లు. ఆ ఖర్చెందుకని ఒకసారి కోనాడ వెళ్లి క్యాన్లతో అసలు సముద్రమే పట్టుకొచ్చాడు. వానాకాలంలో. చంపావతి సముద్రంలో కలిసే చోటు అది, దారిలో ఎన్ని పొలాల ఎరువు కడుక్కుంటూ వస్తుందో ఆ నదికే తెలియాలి, ఉప్పదనం ఎటూ పలచబడే ఉంటుంది. నా క్లయింటుకి ఆ రోజు పండగ భోజనం.

ఇక శిక్షలు. ముందు నత్తల్ని దించారు. నత్తలు నాచుని తింటాయి, నిజమే, తిన్నదాన్ని విసర్జించేదీ అదే నీళ్లలో, కాబట్టి ఫాస్ఫేట్ ఒక సీటు నుంచి లేచి ఇంకో సీట్లో కూర్చుంది తప్ప బస్సు దిగలేదు. తర్వాత వోడ్కా వైద్యం. నవ్వకండి, ఇది నిజంగా ఉంది: ఆల్కహాల్‌లో కార్బన్ తిని బ్యాక్టీరియా పెరుగుతాయి, పెరగడానికి నైట్రేట్‌నీ ఫాస్ఫేట్‌నీ వాడుకుంటాయి, ఆ బ్యాక్టీరియాని ప్రొటీన్ స్కిమ్మర్ అనే నురగ యంత్రం నురగతో పాటు బయటికి లాగేస్తుంది. వంద లీటర్లకి రోజుకి 0.1 మిల్లీలీటరుతో మొదలుపెట్టమంటారు, తొందరపడి ఎక్కువ పోస్తే నీళ్లు పాలలా తెల్లబడి ఆక్సిజన్ పడిపోతుంది. బావ ట్యాంకుకి రోజుకి 0.2. ఆ లెక్కన 750 మిల్లీ సీసా పదేళ్లు రావాలి, డోసు మెల్లగా పెంచుతారు కాబట్టి పోనీ ఏడాదే అనుకుందాం. దసరాకి తెచ్చిన సీసా దీపావళికి నిండుకుంది. "ఏవండీ, బ్యాక్టీరియాకి సోడా కూడా కావాలా?" అని అక్క అడిగిన ప్రశ్నకి రికార్డుల్లో జవాబు లేదు.

ఈ కేసులో నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన విషయం కింద సంపులో, అంటే ట్యాంకు అడుగున నీళ్లు శుభ్రం చేసే తొట్టిలో, బయటపడింది. అక్కడ చిన్న గదిలో, ప్రత్యేకంగా లైటు పెట్టి, రాత్రంతా వెలిగించి బావ పెంచుతున్నదేమిటనుకున్నారు? నాచు! కీటోమార్ఫా అట, పచ్చటి పీచు ఉండ. అది పోషకాలు పీల్చుకుని పెరిగితే, కొంత తెంపి పారేస్తే, ఆ మేరకు నైట్రేట్, ఫాస్ఫేట్ ఇల్లు దాటినట్టు. పద్ధతి మంచిదే, 1980లలోనే అమెరికాలో స్మిత్సోనియన్ శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ వలలాంటి తెర మీద నాచు పెంచి, గీకి, నీళ్లు శుభ్రం చేసే ఏర్పాటు చేశాడు. కానీ ఇదెక్కడి న్యాయం అండీ? పై అంతస్తులో నాచు నేరస్తుడు, కింది అంతస్తులో అదే పని చేసే నాచు పర్మనెంటు ఉద్యోగి, దానికి కరెంటు బిల్లు యజమానిదే.

బావ ఆగలేదు. ఐరన్ ఆక్సైడ్ గుళికలు వేసి ఫాస్ఫేట్ మొత్తం లాగించాడు. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా, ఈసారి నిజంగానే సున్నా. వారం తిరక్కుండా పగడాలు పాలిపోయాయి, ఇసక మీద గోధుమరంగు చీమిడి తీగలు, వాటి నిండా గాలి బుడగలు. డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు. వీటిలో కొన్ని రకాలు విషం కూడా, తిన్న నత్తలు పైకి చేరాయి. పోషకాలు అడుగంటి పోటీదారులంతా పస్తుంటే ఇవి వచ్చి రాజ్యం ఏలతాయి. అప్పుడు బావ ఏం చేశాడంటే, నైట్రేట్ సీసా కొన్నాడు. తీయడానికి ఒక సీసా, పోయడానికి ఒక సీసా, రెండూ ఒకే షాపులో. షాపువాడు ఇల్లు కట్టుకుంటున్నాడని విన్నాను, గృహప్రవేశానికి బావని తప్పక పిలవాలి.

పగడానికి కూడా కాస్త నైట్రేట్, కాస్త ఫాస్ఫేట్ కావాలి. ఒకటి 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు), రెండోది 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే చాలామంది ట్యాంకులు సాఫీగా నడుస్తున్నాయి. అంకెలోకన్నా అది రోజుకోలా ఊగకపోవడంలోనే సుఖం ఉంది. (నత్రజని పదహారుకి ఫాస్ఫరస్ ఒకటి అంటూ, సముద్ర శాస్త్రవేత్త రెడ్‌ఫీల్డ్ పేరిట ఉన్న నిష్పత్తి పట్టుకుని సీసాలు కలిపేవాళ్లకి ఒక మనవి, ఆయన చెప్పింది సముద్రపు ప్లవకాల (నీళ్లలో తేలే సూక్ష్మజీవుల) ఒంట్లో ఏది ఎంతుందో, మీ హాలు ఎలా నడపాలో కాదు.) అసలు పగడం కణాల్లో కాపురం పెట్టి, ఎండలో వంట చేసి, దానికి అన్నం పెట్టే జూక్సాంథెల్లే ఎవరు? నాచు జాతివాళ్లే, ఆ డైనోఫ్లాజెల్లేట్లకి స్వయానా బంధువులు. నాచు లేని పగడం కావాలనేవాళ్లు ప్లాస్టిక్‌ది కొనుక్కోవచ్చు, బజార్లో దొరుకుతుంది.

నా క్లయింటు కోరేవి పెద్దవేమీ కావు. రోజుకి ఒక్కసారే, రెండు నిమిషాల్లో తినేసేంతే మేత. ఫ్రోజెన్ మేత అయితే కరిగిన నీళ్లు సింకులోకి. వారానికి పదో వంతు నీళ్ల మార్పు, దాంతో పాటు చేత్తో పీకుడు, పీకినంత పోషకం బయటికి పోయినట్టే కదా. లైటు ఎనిమిది గంటలకి మించొద్దు. ఏదైనా ఒకటి మారిస్తే కొన్ని వారాలు ఇంకేదీ ముట్టుకోకుండా చూడాలి, ఈ క్లాజు మీదే బావ అభ్యంతరం చెప్పాడు. వెనక అద్దం మీద జానెడు స్థలం నా క్లయింటుకి నివాసం నిమిత్తం. మేత డబ్బా మాత్రం బీరువాలో, అక్క నగల పక్కన, తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నా సరే, అత్తయ్య దగ్గర తప్ప.

వచ్చేది పైడితల్లమ్మ పండగ. సిరిమాను చూడ్డానికి పలాస నుంచి, రాజాం నుంచి చుట్టాలు దిగుతారు, ప్రతివాళ్ల చేతిలో ఒక పొట్లం ఉంటుంది, ప్రతివాళ్లకీ చేపలంటే జాలి. ఆక్వేరియం ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చోవడానికి బావ ఆఫీసులో సెలవు పెట్టాడని తెలిసింది. కారణం దగ్గర "ఇంట్లో వారి అనారోగ్యం" అని రాశాడట. అది అబద్ధమని మాత్రం నేను వాదించను.