గెలిచిన తరువాత ఏం చేశారు?

మన సంఘాల వార్షికోత్సవాలలో విజేతలకు ఎన్నడూ లోటు లేదు. శాలువా కప్పుతాము, జ్ఞాపిక అందజేస్తాము, ఫొటో దిగుతాము. ఆ జ్ఞాపికలు చివరికి ఏ అల్మరాకు చేరతాయో ఇంటిల్లిపాదికీ తెలిసిందే. సన్మానాలకు నేను వ్యతిరేకిని కాను. కీర్తి అశాశ్వతమంటూ దాన్ని తేలిక చేసే వేదాంతమూ నాకు రుచించదు. గెలుపు మంచి పెట్టుబడి అని, దాన్ని దేనిమీద పెట్టారన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి, ప్రకాశ్ పదుకొణె తరువాత ఆల్ ఇంగ్లండ్ టైటిల్ సాధించిన రెండో భారతీయుడయ్యారు. మోకాలి శస్త్రచికిత్సలను తట్టుకుని నిలిచిన ఆటగాడికి అంతటితో విశ్రమించే హక్కు ఉంది. ఆయన మాత్రం తాను తాగని శీతల పానీయానికి ప్రచారం చేయనని పెద్ద మొత్తాన్ని కాదనుకున్నారు. ఆ తరువాత అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాద్‌లోని గచ్చిబౌలిలో ఇచ్చిన స్థలంలో, సొంత ఇంటిని తాకట్టు పెట్టి, నిమ్మగడ్డ ప్రసాద్ వంటి దాతల సాయంతో 2008 నాటికి అకాడమీని నిలబెట్టారు. ఆ టైటిలే లేకపోతే ఆ స్థలం ఎవరిస్తారు, ఆ దాతలు తలుపు ఎందుకు తీస్తారు?

అక్కడ తెల్లవారకముందే సాధన మొదలవుతుంది. చిన్ననాటి సింధు సికింద్రాబాద్ వైపు నుంచి నగరాన్ని అడ్డంగా దాటి రోజూ ఆ కోర్టుకు వచ్చేది. రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలపాటు ఆమె ఫోన్‌ను గురువు తన దగ్గరే ఉంచుకున్నారు. ఒలింపిక్స్‌లో 2012లో సైనా కాంస్యం, 2016లో సింధు రజతం ఆ కోర్టుల మీది చెమటకు దక్కినవే. 2022లో బ్యాంకాక్‌లో ఇండోనేషియాను 3-0తో ఓడించి పురుషుల జట్ల ప్రపంచ పోటీ అయిన థామస్ కప్‌ను తొలిసారి గెలిచిన భారత జట్టులో గుంటూరు జిల్లాకు చెందిన కిదాంబి శ్రీకాంత్, అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ ఉన్నారు. ఇద్దరూ అక్కడ సానబట్టబడినవారే. ఇంత బరువు ఒక్క మనిషి భుజాల మీద ఉండడం మంచిది కాదన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయితే అలాంటి మరో నాలుగు కోర్టులు ఇతర ఊళ్లలో లేకపోవడం ఆయన తప్పు కాదు.

ఇక మన సంగతి. ఇక్కడి పిల్లలు చదువుల పోటీలలోనూ ఆటలలోనూ గెలుస్తూనే ఉన్నారు, వారిని వేదిక ఎక్కించి చప్పట్లతో మనం దింపేస్తున్నాము. వచ్చే సర్వసభ్య సమావేశంలో సన్మానాల పద్దును సగానికి తగ్గించి, ఆ సొమ్ముతో వారాంతాల్లో ఒక ఆటస్థలాన్ని అద్దెకు తీసుకుని శిక్షకుణ్ణి నియమించాలని, నిరుడు గెలిచిన పిల్లలు చిన్నవాళ్లకు నేర్పే బాధ్యత తీసుకుంటేనే ఈ ఏటి బహుమతి పూర్తిగా అందాలని నేను ప్రతిపాదించబోతున్నాను. శాలువాలు తగ్గాయని అలిగే పెద్దలు ఉంటారు. వారిని ముందుగా ఆ ఆటస్థలానికే ఆహ్వానిద్దాము.