పీజీల చేతికి కన్ను ఇవ్వొద్దన్న మెసేజ్‌కు జవాబు

కర్నూలు, నంద్యాల వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: సర్కారు కంటాసుపత్రికి పోవద్దు, అక్కడ పీజీ పిల్లలు ముసలివాళ్ల కళ్ల మీద ఆపరేషన్ నేర్చుకుంటారు. లేజర్ వచ్చాక కంటికి మూడేళ్ల చదువు దండగ. కంటి డాక్టరంటే అద్దాలు రాసేవాడే. ప్రైవేటులో పీజీలుండరు. డబ్బు కూడేదాకా శుక్లం ముదిరినా ఫర్వాలేదు.

మొదటి మాటలో సగం నిజం ఉంది. నేర్చుకుంటారు, అవును. ఎలా నేర్చుకుంటారన్నదే మెసేజ్ చెప్పలేదు. పీజీ అంటే కాలేజీ పిల్లాడు కాదు. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ ముగించి, నీట్ పీజీ రాసి ఎంఎస్ ఆప్తాల్మాలజీలో చేరిన రిజిస్టర్డ్ డాక్టర్. చేరగానే కత్తి చేతికివ్వరు. మొదట ఓపీలో టార్చి, అద్దాల పవర్ తేల్చే రెటినోస్కోపు, కన్నును పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్. చేతికి పని అలవాటు చేయడానికి మేక కళ్లు తెప్పించి మైక్రోస్కోపు కింద కోయిస్తారు, కుట్టిస్తారు.

మనిషి కంటి దగ్గర కూడా ఆపరేషన్ మొత్తం ఒక్కసారిగా అప్పగించరు. కన్ను శుభ్రం చేయడం, మత్తు సూది వేయడంతో మొదలు. తర్వాత చివరి మెట్లు: లెన్సు పెట్టడం, ఆపరేషన్ కోసం కంట్లో నింపిన జెల్ కడిగేయడం. కష్టమైన పని రెక్సిస్, అంటే శుక్లం పైపొరను గుండ్రంగా చించడం. అది చేయి కుదిరాకే ఇస్తారు. మైక్రోస్కోపుకు పక్కన ఇంకో చూపు గొట్టం ఉంటుంది, నేర్పే పెద్ద డాక్టర్, అంటే చీఫ్, అందులోంచి చూస్తుంటారు. చేయి తడబడితే కుర్చీ మారుతుంది. గట్టిపడిన గోధుమరంగు శుక్లం, విప్పారని కనుపాప, రెండో కన్ను లేని రోగి లాంటి కేసులు సీనియర్లకే పోతాయి.

నేర్చుకునే తొలి రోజుల్లో చిక్కులు కొంచెం ఎక్కువే, దాన్ని దాచనక్కర్లేదు. ఈ జాగ్రత్తలన్నీ అందుకే. భయముంటే ఆసుపత్రి మానేయాల్సిన పని లేదు. సంతకం పెట్టేముందు "ఆపరేషన్ ఎవరు చేస్తారు సార్, పక్కన ఎవరుంటారు?" అని అడగండి. అడిగే హక్కు మీకుంది, ఉచిత ఆపరేషన్ అయినా సరే.

ఇక లేజర్. మనవాళ్లు "లేజర్ ఆపరేషన్" అనుకునేది చాలాసార్లు ఫేకో. అందులో శుక్లాన్ని ముక్కలు చేసేది లేజర్ కాదు, అల్ట్రాసౌండ్. ఆ సూదిని కంట్లో తిప్పేది డాక్టర్ చెయ్యే, కాలి కింద పెడల్. ఫెమ్టోసెకండ్ లేజర్ నిజంగా ఉంది, కోతకూ పొర చించడానికీ సాయపడుతుంది. శుక్లాన్ని బయటికి తీసి లెన్సు పెట్టేది మాత్రం అప్పుడూ మనిషే. శుక్లం వెనక పొర మధ్యలో 4 మైక్రాన్లు కూడా ఉండదు, తల వెంట్రుక దానికంటే పది రెట్లకు పైగా లావు. అది చిరిగితే లోపలి జెల్లీ ముందుకొస్తుంది. అప్పుడేం చేయాలో ఏ మిషనూ చెప్పదు.

అద్దాలు రాసేవాడే అన్నవాళ్లు కోతల కాలంలో ఒక్కరోజు కంటి ఓపీలో కూర్చోవాలి. వరి ఆకు గీసుకుని, శనక్కాయ చెట్లు పీకేటప్పుడు మట్టి పడి, కన్ను ఎర్రబడి వస్తారు. అప్పటికే ఎవరో ఆకు పసరు పిండి ఉంటారు, లేదా మెడికల్ షాపులో స్టెరాయిడ్ చుక్కలు ఇచ్చి ఉంటారు. అది ఫంగస్ పుండైతే స్టెరాయిడ్‌తో ఇంకా లోతుకు పోతుంది. పుండు గీకి, స్లైడు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, ఫంగస్ పోగులున్నాయేమో చూసి ఫంగస్ మందు నాటమైసిన్ మొదలుపెట్టడం పీజీ నేర్చుకునే పనే. ఆలస్యమైతే మిగిలేది కంట్లో పువ్వు. నెల తక్కువ పిల్లల రెటీనాను, అంటే కంటి లోపలి తెరను, పుట్టిన 30 రోజుల్లోపు చూడటం, షుగర్ రోగుల కంటి రక్తనాళాలు, నీటికాసులు, మెల్లకన్ను కూడా ఆ మూడేళ్లలోనే. మధ్యలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి, థీసిస్ రాయాలి.

ప్రైవేటులో పీజీలుండరా? హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్, మదురై అరవింద్ కంటాసుపత్రుల పేరు చెబితే మనవాళ్లు రైలెక్కుతారు. రెండు చోట్లా శిక్షణలో ఉన్న డాక్టర్లు పనిచేస్తారు. దాని మీద ఎవరూ మెసేజ్ పెట్టరెందుకో!

అన్నింటికంటే చెడ్డది చివరి సలహా. ముదిరేదాకా ఆగమనడం పాతకాలపు మాట. శుక్లం గట్టిపడేకొద్దీ ఆపరేషన్ కష్టమవుతుంది. మరీ ముదిరితే ఉబ్బి, లేదా లోపలి పదార్థం కారి, కంటి ప్రెషర్ పెరుగుతుంది. కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతులతో రాత్రికి రాత్రే క్యాజువాలిటీకి రావాల్సి వస్తుంది. ముందు మానిటాల్ ఎక్కించి ప్రెషర్ దించాలి, ఆ తర్వాతే ఆపరేషన్. ఈలోపు చూపు నరం దెబ్బతింటే ఎంత పెద్ద సర్జన్ చేసినా పోయిన చూపు రాదు.