ముప్పై తొమ్మిదికి సున్నా, నలభైకి ఆరు వేలు

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్లను ప్రభుత్వం పునఃపరిశీలించి, వైకల్యం 40 శాతం లేదని తేలినవాళ్లకు పింఛను ఆపుతామని 2025 ఆగస్టులో నోటీసులిచ్చింది, ఆ తర్వాత అప్పీళ్లు వచ్చాయి. చర్చంతా అసలు ఎవరు, నకిలీ ఎవరు అన్న దగ్గరే ఆగిపోయింది గానీ, వైద్యులిచ్చే వైకల్య ధ్రువపత్రం, అంటే సదరం పత్రం మీద వేసే శాతం దేన్ని కొలుస్తోందన్న ప్రశ్న దాకా రాలేదు.

ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగున్న మనిషికి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం వచ్చేది 30 శాతం. పింఛనుకు కావలసింది 40. ఆ మనిషి గుమాస్తా అయితే ఈ లెక్కతో పెద్ద పేచీ లేదు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడైతే? మోకు బిగించుకుని, మట్ట ఎంత దూరంలో ఉందో చూపుతోనే అంచనా కట్టి చెయ్యి చాచవలసిన పని అది. కన్నుతో పాటే అతని వృత్తీ పోతుంది. యాభై ఏళ్లు నిండితే గీత కార్మికుల పింఛను ఉంది. ముప్పై అయిదేళ్లవాడు అప్పటిదాకా ఏం తిని బతకాలి? వైద్యుడి తప్పేమీ లేదు, పట్టికలో ఉన్న అంకెనే వేశాడు. ఆ పట్టికలో చెట్టు లేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాన్ని ఒంట్లోని లోపంగా మాత్రమే చూడలేదు. చుట్టూ ఉన్న అడ్డంకులతో కలిసి ఆ లోపం మనిషిని నలుగురితో సమానంగా బతకనీయకపోవడాన్ని లెక్కలోకి తీసుకుంది. సివిల్స్ అభ్యర్థికి పరీక్షలో లేఖకుణ్ణి ఇవ్వడానికి 40 శాతం ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. శాతం ఒక్కటే చూసి వైద్య విద్యకు అనర్హుడనకూడదని, విద్యార్థి ఏం చేయగలడో పరీక్షించాలని 2024లో తీర్పిచ్చింది. సీటుకు పనికొచ్చిన న్యాయం కూలివాడి పింఛనుకు ఎందుకు పనికిరాదు?

నకిలీలు ఉన్నారన్న మాట నిజం, ఏరివేత అవసరమే. కానీ 39కి సున్నా, 40కి నెలకు 6,000 అని ఒక్క అంకెకు ఇంత ధర కట్టినప్పుడు దళారులు పుట్టకుండా ఎలా ఉంటారు? మెట్లు మెట్లుగా, 30 శాతం నుంచే కొంత ఇస్తూ పోతే ఆ ఒక్క అంకె కోసం లంచమిచ్చే అవసరమే చాలావరకు తగ్గుతుంది.

శాతం పట్టిక కేంద్రానిదే కావచ్చు, పింఛనుకు 40 అన్న గీత గీసింది మాత్రం రాష్ట్రమే. కేంద్ర పింఛను పథకం 80 శాతం వైకల్యం అడిగి 300 రూపాయలిస్తుంటే, 40కే 6,000 ఇవ్వాలనుకున్నది మన ప్రభుత్వమే. అంత ఉదారంగా ఆలోచించినవాళ్లు వైద్యుడి పక్కన ఆ ఊరి పనీపాటా తెలిసిన మరొకరిని కూర్చోబెట్టలేరా? పేదవాడి అర్హతను తేల్చే బాధ్యత పాలకులది. దాన్ని వైద్యుడి కలం మీదికి నెట్టి, అప్పీలుకు వచ్చినవాణ్ణి మళ్లీ అదే కంటి చార్టు ముందు నిలబెడుతున్నారు.